మా యాసకు మార్కులు వేసే ముందు: నంది జ్యూరీకి శ్రీకాకుళం నుంచి ఒక ఉత్తరం

గౌరవనీయులైన జ్యూరీ సభ్యులకు,

నమస్కారం.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కొంచెం దూరంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. నంది పురస్కారాలు మళ్ళీ ఇస్తామన్న మాట విన్నప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలని ఉంది. 2025 సంవత్సరానికి ఉత్తమ నటుడెవరో, ఉత్తమ సహాయ నటుడెవరో తేల్చడానికి మీరు కూర్చున్న రోజున, జాబితా మీద సంతకాలు పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి.

నంది చిన్న పురస్కారం కాదు. లేపాక్షి బసవన్న పేరు మీద 1964లో మొదలైంది. ఊరూరా నాటకాలు వేసుకునేవాళ్ళు కూడా దాని గురించి కలలు కన్నారు. 2014, 2015, 2016 సంవత్సరాల సినిమాలకు కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. బాలకృష్ణ గారు, మహేశ్ బాబు గారు, జూనియర్ ఎన్టీఆర్ గారు ఆ మూడేళ్ళకు ఉత్తమ నటులు. తరవాత సినిమా నంది ఆగిపోయింది. పక్క రాష్ట్రంలో గద్దర్ పేరుతో పురస్కారాలు మొదలుపెట్టి, 2024కి అల్లు అర్జున్ గారిని ఉత్తమ నటుడిగా ఎంచుకున్నారు. మన దగ్గర ఎందుకు ఆగింది, ఎవరి తప్పు అన్నది చాలామంది మాట్లాడారు. నేను దాని జోలికి పోను. నాకున్న బాధ వేరు. సరిగ్గా ఆ ఖాళీ ఏళ్ళలోనే మా ఉత్తరాంధ్ర మాట తెలుగు సినిమాలో తలెత్తుకుని నడవడం మొదలుపెట్టింది.

2018లో కంచరపాలెం వీధుల్లోని మనుషులే నటులుగా ఒక సినిమా వచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం'. పెళ్ళి కాని నడివయసు అటెండరు రాజుగా సుబ్బారావు గారు చేశారు. నేను ఆ సినిమా చూసి బయటికొచ్చి, స్కూటర్ తియ్యకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆయన నటిస్తున్నట్టు ఎక్కడా అనిపించలేదు. మా పెళ్ళిళ్ళలో వెనక వరుసలో కుర్చీలు సర్దుతూ, ఫోటోకి పిలిస్తే "నాకెందుకు బాబూ" అనే మనిషి ఆయన. 2020లో 'పలాస 1978' వచ్చింది. అందులో అన్న రంగారావుగా తిరువీర్ చేశాడు. ఈ రెండు సంవత్సరాలకూ నంది లేదు. సుబ్బారావు గారికి ఇవ్వాలా వద్దా అని ఏ జ్యూరీ ముందూ చర్చ కూడా జరగలేదు. ఆ నష్టం ఇక ఎలాగూ పూడదు. అందుకే 2025 గురించి ఇంత పట్టుగా రాస్తున్నాను.

ఆ ఒక్క ఏడాదిలో ముగ్గురు కథానాయకులు మా యాస మాట్లాడారు. ఫిబ్రవరి 7న వచ్చిన 'తండేల్'లో నాగచైతన్య. ఆగస్టులో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'అరేబియా కడలి' సిరీస్‌లో సత్యదేవ్. నవంబరులో వచ్చిన 'ది గ్రేట్ ప్రీ వెడ్డింగ్ షో'లో తిరువీర్. ఒకరు పెద్ద సినిమా, ఒకరు ఓటీటీ, ఒకరు చిన్న సినిమా. మా మాటను నవ్వించడానికి వాడుకోవడం కాదు, కథంతా దాంట్లోనే ప్రేమించారు, భయపడ్డారు, ఏడ్చారు. నా ఎరుకలో ఇలాంటి ఏడాది ఇంకొకటి లేదు. మీకు నేను చేసుకునే మొదటి మనవి ఇది. వీళ్ళ నటనను తూచే గదిలో మా చెవితో వినే మనిషి, మా కళ్ళతో చూసే మనిషి కనీసం ఇద్దరుండాలి.

ఎందుకంత పట్టుదల అంటారేమో. ఒక సంగతి చెప్తాను.

2018 నవంబరు ఆఖర్లో మా జిల్లా తీరం నుంచి గుజరాత్ వెళ్ళి, వెరావల్ బోట్ల మీద వేట చేస్తున్న మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. ఆ డిసెంబరులో ఒకావిడ తన పెళ్ళి ఆల్బమ్ పట్టుకుని మా స్టూడియోకి వచ్చింది. ఆ ఆల్బమ్ నేను చేసిందే. తలంబ్రాల ఫోటో తీసి చూపించి, "ఇందులోంచి ఈయన్నొక్కడ్నే తీసీసి పాస్‌పోర్ట్ సైజు సెయ్యి బాబూ. అర్జీకి అంటించాలట" అంది. ఆయన ముఖం చుట్టూ కత్తిరిస్తే ఆవిడ చెయ్యి, బియ్యంతో సహా, అంచున కొంచెం మిగిలిపోయింది. కంప్యూటర్‌లో దాన్ని చెరిపేసి వెనక తెల్లరంగు వేశాను. ఆవిడ నా భుజం పక్కనే నిలబడి తెర మీద తన చెయ్యి పోవడం చూస్తూనే ఉంది. ఏడవలేదు. "ఎన్ని కాపీలమ్మా" అంటే, "ఎన్నడుగుతారో తెల్దు, పదహారు తియ్యి" అంది. డబ్బులు వద్దన్నాను. టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

వాళ్ళు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ మరుసటేడు తీరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అలా తిరిగొచ్చిన ఒకాయన ఆ పెళ్ళికి వచ్చాడు. బంధువులంతా వధూవరుల పక్కన నిలబడుతుంటే ఆయన మాత్రం వంటల దగ్గరే కూర్చున్నాడు. రమ్మని పిలిచాను. "నా ఫోటోలు శానా తీసీసినారు బాబూ, ఇంకొద్దు" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. రేషన్ షాపులో బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు.

ఈ ఇద్దరినీ చూసినవాణ్ణి కాబట్టి, ఆ ఘటన ఆధారంగానే తీసిన 'తండేల్'కి మొదటి రోజు టికెట్ తీసుకున్నప్పుడు నాకు లోపల గట్టి టెన్షన్ ఉంది. మా వాళ్ళ కష్టం పాటలకీ ఫైట్లకీ మధ్య ఎక్కడ నలిగిపోతుందో అని. అసలు తండేలు అనే మాటే గుజరాత్ నుంచి మా వాళ్ళు తెచ్చుకున్నది. బోటును నడిపించే పెద్దను అక్కడ అలా అంటారు. విశాఖ బోట్ల మీద అయితే సరంగు అంటారు. నాగచైతన్య చెన్నైలో పెరిగిన మనిషి. 2023 ఆగస్టులోనే చిత్రబృందంతో కలిసి ఎచ్చెర్ల మండలం కె. మత్స్యలేశం వచ్చి, ఆ కుటుంబాలతో కూర్చుని మాట్లాడి వెళ్ళారు. ఆ రాక నటనలో కనబడింది. ఆయన యాస అన్నిచోట్లా నిలబడిందని నేను అనను. మొదటి సగంలో హుషారుగా మాట్లాడేటప్పుడు "ఏటి" అన్న మాట బరువుగా, గుర్తుపెట్టుకుని పలికినట్టు ఉంది. జైలుకు వెళ్ళాక మాత్రం గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతులో మా మాట కుదురుకుంది. ప్రేయసిని పిలిచే "బుజ్జితల్లీ" అన్న ఒక్క పిలుపును ఆయన ప్రేమలో ఒకలా, బతిమాలేటప్పుడు ఒకలా, ఆశ సన్నగిల్లినప్పుడు ఇంకోలా అన్నాడు. పెద్ద హీరో తన గొంతును అంతగా తగ్గించుకోవడం తేలిక కాదు. నాకు తెలిసి ఆయన ఇప్పటివరకూ చేసిన వాటిలో ఇదే మేలైన నటన.

మా యాసతో అసలు చిక్కు ఇక్కడే ఉంది, వినండి. బయటివాళ్ళు మా మాట అనగానే మాటమాటకీ "ఏటి" తగిలించి, చివర అక్షరం సాగదీస్తారు. మేం అలా మాట్లాడం. "ఏటి" కోపంలో పైకి లేస్తుంది. బెంగపడినప్పుడు సగం నోట్లోనే ఉండిపోతుంది. కొడుకు ముఖం చిన్నబోయి ఇంటికొస్తే తల్లి "ఏటైంది నాన్నా" అన్నప్పుడు ఆ "ఏ" వినబడీ వినబడనట్టు ఉంటుంది. "వొచ్చీసినాడు", "తినీసినాను", "ఎల్లిపోనాది" అన్నప్పుడు పని పూర్తయిపోయిన తెగింపు ఒకటి ఆ క్రియలోనే ఉంటుంది. "బేగి రా" అంటే త్వరగా రమ్మనడమే అయినా, మా అమ్మ అన్నప్పుడు అందులో చీకటి పడుతోందన్న భయం కూడా ఉండేది. పైగా అందరిదీ ఒక్కటే యాస కాదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా గాలి తగులుతుంది. పాలకొండ వైపు మాట వేరు, బారువ నుంచి భోగాపురం దాకా తీరం మాట వేరు, విజయనగరం టౌన్‌లో కోట చుట్టుపక్కల మాట మళ్ళీ వేరు. ఇవన్నీ తెలియని చెవికి ముగ్గురు నటులూ ఒకేలా మాట్లాడినట్టు అనిపిస్తుంది. తెలిసిన చెవికి ఎవరు ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరు ఎక్కడ జారిపోయారో, ఎవరు ఎక్కడ మరిచిపోయి మాలో ఒకరైపోయారో తెలిసిపోతుంది. నటనలో సగం అదే కదా.

సత్యదేవ్‌ది విశాఖపట్నం. ఆయన నాలుకకు ఈ మాట కొత్త కాదు, అందుకే కష్టపడినట్టు తెలియదు. కష్టపడినట్టు తెలియకపోతే బహుమతి ఇచ్చేవాళ్ళు కూడా పట్టించుకోకుండా దాటిపోతారు. అది న్యాయం కాదు. 'అరేబియా కడలి' కూడా మా మత్స్యకారులు పరాయి నీళ్ళలోకి వెళ్ళి చిక్కుకున్న కథే. పడని రెండు ఊళ్ళవాళ్ళు ఒకే జైల్లో పడతారు. బదిరి అన్న పాత్రలో సత్యదేవ్ నాయకుణ్ణి అని ఎక్కడా చెప్పుకోడు. అందరికీ వినిపించేలా అరవడు. పక్కవాడు కూలబడితే లేపుతాడు, అంతే. తిరిగొచ్చినాయన వంటల దగ్గర కూర్చుని మాట్లాడిన తీరు చెప్పాను కదా, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నటన నాకు ఇక్కడ కనబడింది. సినిమాకు రెండున్నర గంటలే ఉంటుంది, సిరీస్‌లో మనిషి నెమ్మదిగా అరిగిపోవడం చూపించవచ్చు. ఆ వీలును ఆయన పూర్తిగా వాడుకున్నాడు.

ఒకే ఏడాదిలో ఒకే రకం కథలో ఇద్దరు నటులు. ఇలాంటి పోలిక జ్యూరీకి దొరకడం అరుదు. కానీ మీ లెక్కలో ఇద్దరూ ఒకే తక్కెడలోకి వస్తారా అన్నదే నా భయం. నందిలో సినిమాలకు వేరు, టీవీకి వేరు, నాటకానికి వేరు విభాగాలుండేవి. టీవీ అంటే సీరియళ్ళు, టెలీఫిలింలు. ఓటీటీ సిరీస్ సినిమాకీ టీవీకీ మధ్య పడి ఎవరికీ కాకుండా పోకూడదు. మా ఇళ్ళల్లో ఇప్పుడు ఫోనే తెర. వెరావల్‌లో ఉన్నవాళ్ళు కూడా తీరానికి వచ్చినప్పుడు ఫోన్లోనే చూస్తారు. దయచేసి సత్యదేవ్ లాంటి వాళ్ళకు ఒక స్థానం ముందే రాసిపెట్టండి. అదే ఏడాది 'మయసభ' సిరీస్‌లో ఆది పినిశెట్టి చేసిన కృష్ణమ నాయుడు కూడా ఆ వరసలోనే రావాలి. నత్తి ఉన్న మనిషి రాజకీయాల్లో మాట కోసం వెతుక్కోవడాన్ని ఆయన ఎక్కడా వేళాకోళం కానివ్వలేదు.

ఇక తిరువీర్. ఈయన దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, క్షమించండి. ఎందుకంటే ఆయన చేసింది నా పాత్ర.

శ్రీకాకుళం వైపు పల్లెలో ఫోటో స్టూడియో పెట్టుకున్న రమేశ్. ఒక పెద్ద పార్టీ ప్రీ వెడ్డింగ్ షూట్ చేస్తాడు. ఆ షూట్ ఉన్న మెమరీ కార్డు పోతుంది. నిజం చెప్పలేక పెళ్ళే ఆగిపోతే బాగుండునని చూస్తాడు. హాల్లో అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి.

2016 మేలో నాకూ అదే జరిగింది. ఒక పెళ్ళి రిసెప్షన్ తీసిన కార్డు ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్లు మూడు మార్చాను. విశాఖ తీసుకెళ్ళి ఇద్దరికి చూపించాను. రాలేదు. ఆ రిసెప్షన్‌లో పెళ్ళికూతురి తాతగారు కుర్చీలో కూర్చుని మనవరాలికి అక్షింతలు వేశారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని, ఆ ఫోటో ముఖ్యమని ఆ ఇంటివాళ్ళు ముందే నాకు చెప్పారు. తొమ్మిది రోజులు వాళ్ళకు చెప్పలేదు. ఫోన్ మోగితే పొట్టలో ఏదో జారినట్టుండేది. ఎత్తి, "మిక్సింగ్ అవుతోందండి, ఆల్బమ్ డిజైన్‌లో ఉందండి" అని నవ్వుతూ చెప్పేవాణ్ణి. పదో రోజు వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. డబ్బంతా వెనక్కి ఇచ్చాను. పెళ్ళికూతురి తండ్రి నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తాతగారి ఫోటో అతిథుల ఫోన్లలో ఎక్కడైనా ఉందేమో వెతకడానికి రెండు నెలలు తిరిగాను. ఒక చిన్నబ్బాయి ఫోన్లో మసగ్గా ఒకటి దొరికింది. దాన్నే పెద్దది చేసి ఫ్రేమ్ కట్టి ఇచ్చాను. అప్పటి నుంచి రెండు కార్డులున్న కెమెరాయే వాడుతున్నాను. మండపం దిగేలోపు ఒక కాపీ తీసుకుంటాను.

అందుకే చెప్తున్నాను, కస్టమర్ ఎదుట నవ్వుతూ లోపల వణికే ఆ ముఖం తిరువీర్‌కి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతుంది, కళ్ళదాకా రాదు. చేతులకు ఏదో ఒక పని కావాలి, లేకపోతే వణుకు తెలిసిపోతుంది. తప్పు చేసినవాడు మరీ మర్యాదగా మాట్లాడతాడు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం ఆ ముఖాన్ని అద్దంలో చూసుకుంటాం కానీ ఎవరికీ చెప్పం. తిరువీర్ తెలంగాణ నటుడు, నాటకం నుంచి వచ్చినవాడు. ఆయన 'పలాస'లో మా మాట నేర్చుకున్నాడు, ఇక్కడ దాన్ని తీరిగ్గా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. హాస్యం సినిమాలో నటుడికి బహుమతి ఇవ్వడం మనకు అలవాటు తక్కువ. ఏడిపిస్తేనే గొప్ప నటన అనుకుంటాం. మనిషి సిగ్గును, చిన్న బతుకులోని భయాన్ని నవ్వు ఆగకుండా చూపించడం అంతకన్నా కష్టం. ముగ్గురిలో ఒక్కరినే చెప్పమంటే నేను తిరువీర్ పేరు చెప్తాను. నా వృత్తి కాబట్టి మొగ్గు ఉందని మీరనుకోవచ్చు. నాకు తెలిసిన పని కాబట్టి తప్పు దొరికితే ముందు నేనే పట్టుకునేవాణ్ణి.

ఇంకో మాట. మా యాసకు రంగస్థలం కొత్త కాదు. విజయనగరంలో 1892లో గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది. పండితుల భాష రాజ్యమేలే రోజుల్లో వీధిలో మాట్లాడే మాటను వేదిక ఎక్కించిన ఊరు మాది. ఆ తరవాత సినిమా వచ్చాక ఏమైందో చూడండి. మా మాటను వాచ్‌మన్‌కి ఇచ్చారు, పనిమనిషికి ఇచ్చారు, హీరో చేతిలో దెబ్బలు తిని నవ్వించేవాడికి ఇచ్చారు. మా జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు గారు, తమ్ముడు రమణమూర్తి గారు 'కన్యాశుల్కం' ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ళే. ఆమదాలవలస బిడ్డ శరత్ బాబు గారు మూడుసార్లు సహాయ నటుడిగా నంది అందుకున్నారు. 2023 మేలో ఆయన పోయినప్పుడు మా జిల్లా అంతా సొంత మనిషి పోయినట్టు బాధపడింది. కానీ తెర మీద ఆయన గొంతులో ఆమదాలవలస వినబడేది కాదు. అది ఆయన తప్పు కాదు. ఆ రోజుల్లో మావాళ్ళు సినిమాకి వెళ్ళాలంటే యాసను రైల్వే స్టేషన్లో దించి ఎక్కాలి. ఇప్పుడు హైదరాబాద్ హీరోలు అదే యాసను వెతుక్కుంటూ మా తీరానికి వస్తున్నారు. ఈ మార్పును గుర్తించే మొదటి జ్యూరీ మీరే కావాలని నా ఆశ.

మావాళ్ళ గురించే రాస్తున్నానని మిగతావాళ్ళను తక్కువ చెయ్యడం లేదు. సహాయ నటుడి విభాగంలో 'కోర్ట్' సినిమాలో మంగపతిగా చేసిన శివాజీని దాటి వెళ్ళే పేరు నాకు తోచదు. 2024 జనవరిలో 'నైంటీస్' సిరీస్‌లో లెక్కల మాస్టారు తండ్రిగా మన ఇళ్ళల్లోకి వచ్చిన మనిషే, ఏడాది తిరిగేసరికి పరువు పేరుతో ఒక పిల్లాడి బతుకును నలిపేసే పెద్దమనిషిగా వణికించాడు. అలాంటి మంగపతుల్ని పెళ్ళి పందిళ్ళలో నేను చూశాను. వాళ్ళు అరవరు. కండువా సర్దుకుంటారు. ఆ సినిమాలోనే హర్ష్ రోషన్ బోనులో నిలబడిన కుర్రాడి బెదురును బాగా పట్టుకున్నాడు, ప్రియదర్శి లాయరుగా నిలబడ్డాడు. 'కుబేర'లో బిచ్చగాడిగా ధనుష్ ఒంటిని ఎలా ముడుచుకున్నాడో, 'మిరాయ్'లో మంచు మనోజ్ ఎంత నిబ్బరంగా ప్రతినాయకుడయ్యాడో మీరు చూసే ఉంటారు. వాళ్ళ గురించి చెప్పడానికి వేరేవాళ్ళున్నారు.

మీ నుంచి అడుగుతున్నది ఇదీ. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి ఇద్దర్ని జ్యూరీలో కూర్చోబెట్టండి. వాళ్ళు సినిమావాళ్ళే కానక్కర్లేదు. తప్పెటగుళ్ళు ఆడినవాళ్ళు, జముకుల కథ చెప్పినవాళ్ళు, నాటక పరిషత్తుల్లో ముఖానికి రంగు వేసుకున్నవాళ్ళు, తెలుగు మాస్టార్లు, ఎవరైనా సరే. యాస ఊరికే రాదు, ఎవరో ఒకరు నటుడి పక్కన కూర్చుని మాటమాటా పలికిస్తే వస్తుంది. డబ్బింగ్ కళాకారులకు నంది ఇచ్చిన చరిత్ర ఉంది కాబట్టి, యాస నేర్పినవాళ్ళకూ ఒక గుర్తింపు ఇవ్వండి. రాయలసీమ మాటకైనా, గోదావరి మాటకైనా, మన్యం గిరిజనుల మాటకైనా రేపు ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇంకొకటి ఉంది, అది మరీ ఆశపడి అడుగుతున్నది. ఓట్లు వేసే ముందు ఒక్క రోజు మా తీరానికి వచ్చి, ఈ సినిమాలూ సిరీస్‌లో రెండు మూడు భాగాలూ మత్స్యకారుల మధ్య కూర్చుని చూడండి. వాళ్ళు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ "అలగుండదు బాబూ" అంటారో, ఎక్కడ మాట లేకుండా అయిపోతారో మీ కళ్ళతో చూడండి. హైదరాబాద్‌లో ప్రివ్యూ హాల్లో అది కనబడదు.

ఎప్పుడు రావాలో కూడా చెప్తాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు గట్టునే ఉంటాయి. గుజరాత్ వైపు నిషేధం జూన్ 1న మొదలవుతుంది, వెరావల్ వెళ్ళినవాళ్ళు అప్పటికి ఇళ్ళకు చేరుకుంటారు. కాబట్టి జూన్ మొదటి రెండు వారాల్లో రండి. ఊళ్ళో మగవాళ్ళంతా ఉంటారు. తెర, ప్రొజెక్టర్, స్పీకర్లు నా దగ్గర ఉన్నాయి, పెళ్ళిళ్ళకు వాడేవే. ఆ రోజుకి బుకింగ్ ఏదీ పెట్టుకోను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్,
శ్రీకాకుళం